బేరం పెట్టని నాయకుడు టి.బి. జయా

మన చిత్తూరు, తిరుపతి వాళ్లకు శ్రీలంక అంటే రామేశ్వరం అవతలి దీవి. లేదంటే క్రికెట్ జట్టు. ఆ దేశం స్వాతంత్ర్యం పొందినప్పుడు తొలి మంత్రివర్గంలో కూర్చున్న ఒక ముస్లిం బడిపంతులు సంగతి మనలో ఎందరికి తెలుసు?

తుఆన్ బుర్హానుద్దీన్ జయా 1890 జనవరి 1న క్యాండీ ప్రాంతంలోని గలగెదరలో జన్మించారు. వారిది మలయ్ ముస్లిం వంశం. మలయాళీలు కాదు సుమా! డచ్చివారు జావా వైపు దీవుల నుంచి సిపాయిలుగా, దేశబహిష్కృతులుగా తెచ్చిన వారి సంతతి. లంక ముస్లింలే కొద్దిమంది, వారిలో మలయ్‌లు ఇంకా కొద్దిమంది.

జయా చదువుకున్నది క్రైస్తవుల బళ్లలో. పాఠాలు చెప్పింది బౌద్ధుల ధర్మరాజ, ఆనంద కళాశాలల్లో. 1921లో కొలంబోలోని జహీరా కళాశాలకు ప్రిన్సిపాల్‌గా వచ్చారు. 1892లో మరదాన మసీదు దగ్గర మదర్సాగా మొదలైన సంస్థ అది. సిద్ధి లెబ్బె అనే వకీలు, ఈజిప్టు నుంచి బ్రిటిష్ వారు వెళ్లగొట్టిన ఒరాబీ పాషా దాని స్థాపనకు పాటుపడ్డారు. జయా వచ్చేనాటికి అక్కడ విద్యార్థులు అరవై మందికి లోపే.

మదర్సాలో చదివి, పాఠాలు చెప్పిన మాకు ఆ అంకె వెనుక సంగతి తెలుసు. ఫీజు కట్టలేని తండ్రి ఒకరు. కుర్రవాణ్ణి దుకాణంలో కూర్చోబెడితే నాలుగు డబ్బులొస్తాయనే మామ ఒకరు. ఇంగ్లీషు చదివితే దీన్ పోతుందని భయపడే పెద్దలు మరికొందరు. ఇలాంటి వాళ్లను ఒప్పించడం పాఠం చెప్పడం కన్నా కష్టం. జయా పాతికేళ్లకు పైగా ఆ పని చేశారు. జహీరా కొలంబోలోని పేరున్న కళాశాలల సరసన చేరింది. ఇతర పట్టణాల్లోనూ దాని శాఖలు వెలిశాయి.

1924లో ఆయన శాసన మండలికి ఎన్నికయ్యారు. అప్పుడు లంకలో ముస్లింలకు వేరే స్థానాలుండేవి. మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న మన ప్రాంతంలోనూ 1909 చట్టం తర్వాత ఓటున్న ముస్లింలది వేరే జాబితాయే. 1931లో లంకలో ఆ స్థానాలు రద్దయ్యాయి. స్త్రీ పురుషులందరికీ ఓటు వచ్చింది గానీ, దీవి అంతటా చెదిరి ఉన్న ముస్లింలకు గెలుపు కష్టమైంది. 1936లో జయా నామినేటెడ్ సభ్యునిగా స్టేట్ కౌన్సిల్‌లోకి వచ్చారు.

అసలు పరీక్ష 1945లో ఎదురైంది. స్వపరిపాలన కోరుతూ శ్రీలంక బిల్లు సభ ముందుకు వచ్చింది. తమిళ నాయకుడు పొన్నంబళం సగం సీట్లు అల్పసంఖ్యాకులకు కావాలని పట్టుబట్టిన రోజులవి. ముస్లింలకూ భయపడే కారణం లేకపోలేదు. 1915 అల్లర్లలో వారి దుకాణాలు తగలబడ్డాయి, ప్రాణాలు పోయాయి. అప్పటికి జయా పాతికేళ్ల యువకుడు, ఆయన మరచిపోయి ఉండరు. బేరమాడితే నాలుగు సీట్లు దక్కేవేమో! అయినా ఆయన లేచి, దేశ స్వాతంత్ర్యం ముందు, కౌమ్ ప్రయోజనం తర్వాత అని చెప్పి, షరతు లేకుండా బిల్లును సమర్థించారు.

1947 ఎన్నికల్లో కొలంబో సెంట్రల్ నుంచి గెలిచి, డి.ఎస్. సేనానాయకే ప్రభుత్వంలో కార్మిక, సాంఘిక సేవల మంత్రి అయ్యారు. 1915 అల్లర్ల తర్వాత బ్రిటిష్ వారు జైలులో పెట్టిన సింహళ నాయకులలో ఈ సేనానాయకే ఒకరు.

ఒక సంగతి మాత్రం దాచలేము. 1948లో ఆ ప్రభుత్వమే తెచ్చిన పౌరసత్వ చట్టం వల్ల మన దేశం నుంచి వెళ్లిన లక్షలాది తేయాకు తోటల కూలీలు ఏ దేశానికీ చెందనివారైపోయారు. అందరినీ నమ్మిన మనిషి పేరు ఆ మంత్రివర్గంలో కనిపిస్తే మా మనసు నొచ్చుకుంటుంది.

1950లో ఆయన పాకిస్తాన్‌కు లంక హైకమిషనర్‌గా వెళ్లారు. పదేళ్ల తరువాత యాత్రకై వెళ్లి, 1960 మే 31న మదీనాలో కన్నుమూశారు. జన్నతుల్ బఖీలో ఖననం చేశారు.