సర్ డూగల్డ్ క్లార్క్

పల్నాటి మిర్చి చేలలో మందు కొట్టే రోజులలో రైతు వీపున హోరెత్తే తైవాన్ స్ప్రేయరును ఎరుగనివారు మన విద్యార్థులలో ఉండరు. పెట్రోలులో ఆయిలు కలిపి పోస్తేనే నడిచి, నీలిపొగ విడిచే ఆ రెండు స్ట్రోకుల ఇంజనుకు మూలపురుషుడు సర్ డూగల్డ్ క్లార్క్. ఆ పొగకు మాత్రం ఆయన కర్త కాడని మా అభిప్రాయం.

క్లార్క్ 1854లో స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో జన్మించారు. గ్లాస్గోలోను, లీడ్సులోను విద్యాభ్యాసం గావించారు. ఆ కాలాన జర్మనీ దేశీయుడైన ఆటో నిర్మించిన గ్యాసు ఇంజను ప్రఖ్యాతి గాంచింది. అందులో పిస్టను నాలుగు మార్లు కదిలితే శక్తి పుట్టేది ఒక్కమారే. ఆ పద్ధతికి పేటెంటు రక్షణ కూడా ఉండేది. క్లార్క్ రెండు కదలికలకే ఒకమారు శక్తినిచ్చే ఇంజనును రూపొందించి, 1881లో పేటెంటు తీసుకున్నారు.

చిక్కంతా ఇక్కడే ఉన్నది. కాలిన వాయువును వెళ్లగొట్టటానికి, క్రొత్త మిశ్రమాన్ని నింపటానికి ఇందులో వేర్వేరు కదలికలు లేవు. రెండు పనులూ ఏకకాలంలో జరగాలి. అందుకై క్లార్క్ ప్రక్కన మరొక సిలిండరును అమర్చారు. మిశ్రమాన్ని బలంగా అదిమిపెట్టటం దాని పని కాదు. లోనికి పంపటానికి చాలినంత ఒత్తిడి మాత్రమే కలిగించి, వచ్చే మిశ్రమంచేతనే పాతవాయువును బయటికి నెట్టించేది. నిండుకుండలో క్రొత్తనీరు పోసి పాతనీటిని పొర్లించటం వంటిది ఈ పని. విసురుగా పోస్తే క్రొత్తనీరే ముందు పొర్లిపోతుంది.

1891లో జోసెఫ్ డే అనే ఆంగ్లేయుడు ఆ రెండవ సిలిండరును తొలగించి, క్రాంకుపెట్టెనే పంపుగా వాడారు. ఇంజను తేలికైంది, చవకైంది. కాని మిశ్రమం క్రాంకుపెట్టె గుండా పోవటంచేత ఆయిలును ఇంధనంలోనే కలపవలసివచ్చింది. అదీ కాలి పొగవుతుంది. పైగా కార్బ్యురేటరు గల ఇట్టి ఇంజనులలో పోసిన పెట్రోలు మూడవ వంతు దాకా కాలకుండానే పొగగొట్టం పాలు కావచ్చు. ఒకనాడు నరసరావుపేట, మాచర్ల వీధులలో తిరిగిన లూనాలు, చేతక్‌లు ఈ సంతతివే. పొగగొట్టపు ద్వారం మూసుకున్న పిమ్మట పెట్రోలును నేరుగా సిలిండరులోనికి చిమ్మితే, ముందు పొర్లిపోయేది వట్టిగాలి మాత్రమే. 1990లలో పడవల ఇంజనులకు ఈ ఉపాయం వచ్చింది. స్ప్రేయరు కొనే రైతుకు అంత ఖర్చు పెట్టే స్తోమత ఏది?

క్లార్క్ 1886లో గ్యాసు ఇంజనుపై ఒక గ్రంథం ప్రకటించారు. పుట్టిన వేడిలో ఎంత పనిగా మారుతున్నదో, ఎంత వృథా అవుతున్నదో కొలవటమే ఆయన జీవితకాల పరిశ్రమ. మార్క్స్ అనే మిత్రునితో కలిసి పేటెంటు సంస్థను కూడా నెలకొల్పారు. 1908లో రాయల్ సొసైటీ సభ్యత్వం, 1917లో సర్ బిరుదం లభించాయి. 1932 నవంబరులో, 78వ ఏట కన్నుమూశారు.