వనీవర్ బుష్: చదువరి వ్యాఖ్యకు చోటు చూపిన మేధావి

గ్రంథము ఒకరిది; దాని అంచున చదువరి వ్రాసుకొన్న వ్యాఖ్య ఎవరిది? వ్రాతప్రతుల ‘హాషియా’లను ఎరిగిన మన ఉర్దూ విద్యార్థులకు ఈ ప్రశ్న క్రొత్తది కాదు. దీనికి యంత్రరూపంలో సమాధానం ఊహించిన మహనీయుడు అమెరికా శాస్త్రజ్ఞుడు వనీవర్ బుష్.

ఆయన 1890 మార్చి 11న మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఎవరెట్‌లో ఒక క్రైస్తవ మతబోధకుని ఇంట జన్మించారు. టఫ్ట్స్ కళాశాలలో చదివి, 1919లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో చేరి, 1931 నాటికి జటిలమైన గణిత సమీకరణాలను సాధించే యంత్రాన్ని నిర్మించారు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో సుమారు 6,000 మంది శాస్త్రజ్ఞుల కృషిని సమన్వయించారు. అణ్వస్త్ర నిర్మాణానికి తొలి ఏర్పాట్లు కూడ ఆయన పర్యవేక్షణలో జరిగినవే.

యుద్ధానికి తోడ్పడిన విజ్ఞానం శాంతికాలంలో చేయవలసినదేమి? 1945 జూలైలో ‘అట్లాంటిక్’ మాసపత్రికలో వెలువడిన వ్యాసంలో ఆయన దీనిని చర్చించారు. మెండెల్ కనుగొన్న సూత్రాలు ఒక తరంపాటు మరుగున పడినట్లే, పరిశోధనల రాశిలో అమూల్య విషయాలు కనబడకుండ పోతున్నవని వాపోయి, ‘మెమెక్స్’ అనే యంత్రాన్ని ఊహించారు. అది చూపులకు ఒక బల్ల. గ్రంథాలు, ఉత్తరాలు అందులో సూక్ష్మచిత్రాలుగా ఉండును. చదువరి రెండు పుటలను ప్రక్కప్రక్కన నిలిపి మీట నొక్కినచో, ఒకదాని సంకేతం రెండవదానిపై నమోదై అవి శాశ్వతంగా ముడిపడును. ఇట్లు ఏర్పడిన బాటకు పేరు పెట్టవచ్చు. స్వంత వ్యాఖ్యలు చేర్చవచ్చు. టర్కీ విల్లును గూర్చి ఒకరు కూర్చుకొన్న బాటకు నకలు తీసి, మిత్రుని యంత్రంలో చేర్చవచ్చునని కూడ ఆయన ఉదాహరించారు.

స్వంతమైనది స్వంతంగా ఉండి, ఇచ్చినప్పుడే ఉమ్మడి కావడం ఇందలి సారం. నేటి డేటాబేస్ నిర్మాతలకూ ఈ వివేకమే శరణ్యం. మూలగ్రంథ వివరాలు ఒక పట్టికలో, వ్యాఖ్యలు వేరొక పట్టికలో ఉండవలెను. ప్రతి వ్యాఖ్యకు గ్రంథసంఖ్య, వ్రాసినవారి సంఖ్య, స్వంతమా ఉమ్మడియా అనే గుర్తు చేర్చవలెను. అప్పుడు వేయిమంది వ్రాసినను మూలం చెక్కుచెదరదు. ఆ గుర్తును పాటించి చూపినంతకాలం ఒకరి రహస్యం మరొకరి కంటబడదు.

మెమెక్స్ ఎన్నడును నిర్మితం కాలేదు. అయినను ఆ వ్యాసం చదివి ప్రేరణ పొందిన డగ్లస్ ఎంగెల్‌బార్ట్, 1968లో మీట నొక్కి ఒక రచన నుండి మరొకదానికి సాగే విధానాన్ని కంప్యూటరుపై ప్రదర్శించారు. బుష్ 1974 జూన్ 28న కన్నుమూశారు.

విద్యార్థులారా! గ్రంథాలయ పుస్తకంపై గీతలు గీయక, మీ వ్యాఖ్యలను వేరు పుస్తకంలో పుటసంఖ్యతో వ్రాసుకొనుడు. మేలైనవాటిని తోటివారికి పంచుడు. ఆయన చూపిన బాట అదియే.