దారిపక్క వనభోజనం: ఆర్కాడీ స్ట్రుగాట్‌స్కీ జీవితం

సోవియట్ వైజ్ఞానిక కల్పనా సాహిత్యంలో స్ట్రుగాట్‌స్కీ సోదరులది విడదీయరాని జంట. వారిలో అగ్రజుడైన ఆర్కాడీ 1925 ఆగస్టు 28న నల్లసముద్ర తీరాన బటూమిలో జన్మించారు. తమ్ముడు బోరిస్ 1933లో లెనిన్‌గ్రాడ్‌లో పుట్టారు.

ద్వితీయ ప్రపంచ యుద్ధకాలంలో జర్మన్ సేనలు లెనిన్‌గ్రాడ్‌ను ముట్టడించి, నగరానికి అన్నం అందకుండా చేశాయి. 1942 తొలినాళ్లలో తండ్రి పెద్దకొడుకును వెంటబెట్టుకొని నగరం విడిచారు. తల్లి, చిన్నవాడు అక్కడే ఉండిపోయారు. వొలోగ్దాలో తండ్రి మరణించారు. పదహారేళ్ల ఆర్కాడీ దిక్కులేనివారయ్యారు. కొన్ని నెలలకు గాని తల్లీ తమ్ముడూ ఆయనను చేరలేకపోయారు.

1943లో సైన్యంలో చేరిన ఆర్కాడీ, 1949లో మాస్కో సైనిక విదేశీ భాషా సంస్థ నుండి జపనీస్, ఆంగ్ల భాషల అనువాదకునిగా పట్టభద్రులయ్యారు. 1955లో సైన్యం విడిచి, మాస్కోలో సంపాదకునిగా, అనువాదకునిగా జీవించారు. బోరిస్ లెనిన్‌గ్రాడ్‌లో ఖగోళ శాస్త్రజ్ఞుడు. సోదరులిద్దరూ వీలు చిక్కినపుడు కలుసుకొని, ప్రతి వాక్యాన్నీ పైకి చెప్పుకొని, వాదించుకొని, ఇద్దరికీ సమ్మతమైన పిదపనే ఖాయం చేసేవారు. వారి తొలి ఉమ్మడి నవల 1959లో వెలువడింది.

1971లో వ్రాసిన ‘దారిపక్క వనభోజనం’ 1972లో ‘అవ్రోరా’ పత్రికలో ధారావాహికగా వచ్చింది. గ్రహాంతరవాసులు భూమిపై కొద్దిసేపు ఆగి వెళ్లిపోతారు. వనభోజనం ముగిశాక విస్తళ్లు, సీసాలు వదిలిపోయినట్లు, వారు వదిలిన వస్తువులు ఒక నిషిద్ధ ప్రాంతంలో పడి ఉంటాయి. చీమలకు మన విస్తరి ఎంత అర్థమవునో, మనుషులకు ఆ వస్తువులు అంతే. ప్రాణాలొడ్డి వాటిని దొంగచాటుగా తెచ్చి అమ్ముకొనేవారే స్టాల్కర్లు. కథానాయకుడు రెడ్రిక్ అట్టివాడే. అతని చిన్నారి కూతురు ఆ ప్రాంత ప్రభావం వలన క్రమంగా మనిషితనం కోల్పోతుంది.

ఈ పేరు వెనుక మన దేశపు జాడ ఒకటున్నది. ముంబయిలో పుట్టిన రడ్యార్డ్ కిప్లింగ్ 1899లో ‘స్టాకీ అండ్ కో’ అనే పాఠశాల కథల పుస్తకం ప్రచురించారు. ఆర్కాడీ యౌవనంలో దానిని రష్యన్‌లోకి అనువదించారు. అందులోని జిత్తులమారి బాలుని పేరు నుండే సోదరులు ‘స్టాల్కర్’ అనే మాట కల్పించారు.

నవల పుస్తకరూపం దాల్చుటకు మాత్రం ఎనిమిదేళ్లు పట్టింది. మోటు భాష, హింస తొలగించవలెనని ప్రచురణాలయం పట్టుబట్టింది. ఉత్తర ప్రత్యుత్తరాలు ఏళ్ల తరబడి సాగాయి. చివరకు 1980లో అనేక మార్పులతో అచ్చయింది. ఈలోగా 1977లో ఆంగ్లానువాదం వెలువడింది. సోదరులే చిత్రానువాదం వ్రాయగా తార్కోవ్‌స్కీ 1979లో ‘స్టాల్కర్’ చలనచిత్రం నిర్మించారు. 1986లో చెర్నోబిల్ అణు ప్రమాదం జరిగిన తరువాత, అక్కడి నిషిద్ధ ప్రాంతంలోకి దొంగచాటుగా ప్రవేశించేవారికి జనం పెట్టిన పేరూ స్టాల్కర్లే. 2007లో ఆ నేపథ్యంతో ఉక్రెయిన్‌లో తయారైన కంప్యూటర్ ఆటకూ అదే పేరు.

ఆర్కాడీ 1991 అక్టోబరు 12న మాస్కోలో కన్నుమూశారు. ఆ డిసెంబరులోనే సోవియట్ యూనియన్ అంతరించింది. తరువాత బోరిస్ రెండు నవలలు ఒంటరిగా వ్రాసి, వాటికి ఎస్. విటిట్‌స్కీ అనే మారుపేరు పెట్టుకున్నారు. 2012లో తాను మరణించే వరకు, అన్నగారు లేని రచనకు స్ట్రుగాట్‌స్కీ సోదరుల పేరు వాడలేదు.