నూజివీడులో పుట్టిన నేపాళ మాంత్రికుడు

పోయిన అక్టోబర్‌లో మా బ్యాచ్ అంతా హైదరాబాద్‌లో ఒక థీమ్ పార్క్‌కి హాలోవీన్ నైట్ చూడ్డానికి వెళ్ళాం. పొగ, ఎర్ర లైట్లు, రంపం మోత, తెల్ల గౌన్ల దయ్యాలు. మొదటి గదిలో నేనూ అరిచాను, అబద్ధం చెప్పను. రెండో గదిలో గోడ మూల మోషన్ సెన్సర్ కనిపించింది. ఇక ఏ దయ్యం ఎప్పుడు దూకుతుందో ముందే తెలిసిపోయింది.

బెజవాడ వచ్చాక ఇదంతా చెప్తే అమ్మమ్మ నవ్వి, నేపాళ మాంత్రికుణ్ణి ఎప్పుడైనా చూశావా అని అడిగింది. చిన్నప్పుడు గుడివాడ దగ్గర వాళ్ళ ఊళ్ళో టూరింగ్ టాకీస్‌లో 'పాతాళభైరవి' చూసి, వారం రోజులు చీకటి పడ్డాక ఒక్కతే పెరట్లోకి వెళ్ళలేదట. ఆ రాత్రే ల్యాప్‌టాప్‌లో చూశాను. తర్వాత ఎస్వీ రంగారావు గురించి దొరికినవన్నీ చదివాను.

ఆయన 1918 జూలై 3న నూజివీడులో పుట్టారు. అప్పుడది కృష్ణా జిల్లా, ఇప్పుడు ఏలూరు జిల్లాలో కలిపారు. మద్రాసులో స్కూలు, కాకినాడలో బీఎస్సీ, అక్కడే యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్‌లో నాటకాలు. తర్వాత బందరులోనూ విజయనగరంలోనూ ఫైర్ ఆఫీసర్. మన లెక్కలో చెప్పాలంటే ప్లేస్‌మెంట్ వచ్చేసినట్టే. నటన మీద మనసుతో అది వదిలేశారు. బంధువు రామానందం తీసిన 'వరూధిని'లో హీరో వేశారు. సినిమా ఆడలేదు. అవకాశాలు రాలేదు. జంషెడ్‌పూర్ వెళ్ళి టాటా కంపెనీలో ఉద్యోగంలో చేరారు.

ఇక్కడ నేను చాలాసేపు ఆగిపోయాను. ఉద్యోగం మానేసి, ఓడిపోయి, మళ్ళీ ఉద్యోగంలో చేరిన మనిషి ఇంకోసారి మానేయాలంటే ఇంట్లో ఏమని చెప్పుంటారు? అప్పటికి పెళ్ళి కూడా అయింది. 'పల్లెటూరి పిల్ల'కి పిలుపొచ్చింది. సరిగ్గా అప్పుడే నాన్నగారు పోయారు. ఆ పనులన్నీ చూసుకుని మద్రాసు చేరేసరికి ఆ వేషం ఇంకొకరికి వెళ్ళిపోయింది, చిన్న పాత్ర మిగిలింది. అదే చేశారు. వెనక్కి మాత్రం వెళ్ళలేదు.

1950లో విజయా వాళ్ళ 'షావుకారు'లో సున్నపు రంగడు. మరుసటేడే కె.వి.రెడ్డి గారి 'పాతాళభైరవి'. అప్పటికి ఆయనకి ముప్పై రెండేళ్ళే! గడ్డం అతికించిందే, కానీ ఆ మెడ వంపు, సగం మూసిన కళ్ళు, తొందర లేని సాగదీత ఆయన సొంతం. పార్కు దయ్యాలు మీద పడి అరుస్తాయి. ఈయన బుజ్జగిస్తూ బలికి తీసుకెళ్తాడు. తోటరాముడు చంపేశాక కూడా శిష్యుడు సదాజపుడు సంజీవనితో లేపేస్తాడు. ఆ డైలాగ్ మీ అందరికీ వచ్చు కాబట్టి రాయట్లేదు.

1957లో 'మాయాబజార్' ఘటోత్కచుడు. శశిరేఖ వేషంలో ఉన్నది ఘటోత్కచుడే అని మనకి తెలియాలంటే సావిత్రి ఆయనలా నడిస్తే చాలు, అంతగా గుర్తుండిపోయే నడక. 'నర్తనశాల' కీచకుడికి 1964లో జకార్తా ఆఫ్రో ఆసియా చిత్రోత్సవంలో ఉత్తమ నటుడు బహుమతి వచ్చింది. 'చదరంగం', 'బాంధవ్యాలు' తనే డైరెక్ట్ చేశారు. 1974 జూలై 18న మద్రాసులో పోయారు, యాభై ఆరేళ్ళకే.

సంక్రాంతి సెలవుల్లో అమ్మమ్మని పక్కన కూర్చోబెట్టుకుని మళ్ళీ పెట్టాను. పాటలన్నీ వచ్చేవరకూ బాగానే చూసింది. గుహ సీన్ మొదలవగానే పాలు పొంగుతాయేమో అని లేచి వంటింట్లోకి వెళ్ళింది. స్టవ్ మీద పాలేం లేవు.