శ్రీ అల్లూరి సీతారామరాజుగారు: వారి నాయకత్వ విధానము

ఒక సంఘమున కధ్యక్షుని నెన్నుకొనుట సులభము. ఆయన వెంట పదిమంది మనఃపూర్వకముగా నడచునట్లు చేయుట కష్టము. జీతమునకు పనిచేయువానిని జీతము కదలించును. భయమునకు లోబడినవాడు భయ మున్నంతవఱకే పనిచేయును. జీతమును, భయమును రెండును లేనిచోట మనుజుని కదలించున దేది? ఈ ప్రశ్న ప్రతి సంఘమునకును గలదు. దీనికి సమాధానము వెదకుటకు దూరదేశముల చరిత్రములను తిరుగవేయ నక్కఱలేదు. చీడికాడ వెనుక నిలిచియున్న తూర్పుకనుమల వరుసలలోనే, నూఱేండ్లకు పూర్వ మొక యువకుడు తన జీవితముచే దీనికి సమాధానము చెప్పెను. ఆయనయే శ్రీ అల్లూరి సీతారామరాజుగారు.

రాజుగారు 1897 సంవత్సరము జూలై 4వ తేదీన విశాఖపట్టణము జిల్లా పాండ్రంగి గ్రామమున మాతామహుల యింట జన్మించిరి. తండ్రి వేంకటరామరాజుగారు, తల్లి సూర్యనారాయణమ్మగారు. వారి స్వగ్రామము పశ్చిమగోదావరి ప్రాంతమందలి మోగల్లు. 1908లో తండ్రి పరమపదింపగా, తహశీలుదారుగా నుండిన పినతండ్రి రామకృష్ణరాజుగారు బాలుని చదువు భారమును వహించిరి. అనేక పట్టణములలో చదివినను రాజుగారికి పరీక్షలపై మనసు నిలువలేదు. దైవచింతయు, దేశాటనమును వారి నాకర్షించెను. 1917లో వారు కృష్ణదేవిపేటకు వచ్చి, అచటనే తపోవృత్తితో నిలిచిరి.

ఆనాటి మన్యము స్థితి నించుక తెలిసికొనవలెను. 1882 నాటి మదరాసు అటవీ శాసనముచే పోడు వ్యవసాయమునకును, అడవిలో పశువులను మేపుకొనుటకును నిర్బంధము లేర్పడినవి. తరతరములుగా ముఠాలను పాలించుచుండిన ముఠాదారుల యధికారములు సన్నగిలినవి. గూడెము డిప్యూటీ తహశీలుదారు బాస్టియను, కొండలలో బాటలు వేయించుటకు గిరిజనులను నిర్బంధించి, న్యాయమైన కూలి నీయక పని చేయించెను. ఆ బాటలు పడినవి. కాని వానిని వేసినవారి గుండెలలో ప్రభుత్వముపై మిగిలియున్న కొంచెము విశ్వాసమును తుడిచిపెట్టుకొని పోయినది. అధికారముచే పని జరిగించుట కిది యొక నిదర్శనము.

రాజుగారి మార్గము వేఱు. వారు మొదట నెవరికిని ఆజ్ఞ యిచ్చినవారు కారు. గిరిజనుల నడుమ నివసించిరి, రోగులకు మందిచ్చిరి, వారి జాతకములు చూచిరి, వారి మాట వినిరి. పిమ్మట మద్యమును మానుడని, కోర్టుల కెక్కక పంచాయతీలలో తగవులు తీర్చుకొనుడని బోధించిరి. ఆ బోధకు బలము వారి నడవడియే. ఆయన త్రాగమనలేదు, తాను త్రాగలేదు. ఆయన కష్టపడు డనెను, తాను ముందుగా కష్టపడెను. ప్రభుత్వమువారు వీరిని అనుమానించి 1922 ఆరంభమున కొంతకాలము కృష్ణదేవిపేటకు దూరముగా నుంచిరి. పైడిపుట్టయొద్ద భూమి నిచ్చి స్థిరపఱుప జూచినను, అది వారిని కట్టివేయజాలలేదు.

ఇట్లు చేరినవారిలో గాము గంటందొర, గాము మల్లుదొర ముఖ్యులు. గంటందొర బట్టిపనుకుల గ్రామ మునసబు పదవిని బాస్టియను మూలమున కోల్పోయిన వాడు. రాజుగారు ఇట్టివారిని కేవలము అనుచరులుగా జూడలేదు. కొండదారులు, ఊళ్ల మనస్సులు, ముఠాల పరస్పర సంబంధములు వారికే తెలియును గనుక, ఆ తెలివికి తగిన పెద్దఱికము వారి కిచ్చిరి. స్వస్థలమందు గౌరవము గలవానిని తొలగించి క్రొత్తవానిని నిలుపక, ఉన్న గౌరవమును కార్యమునకు చేర్చుట వారి నీతి.

1922 ఆగస్టు 22న సుమారు 300 మందితో చింతపల్లి పోలీసు ఠాణాపై బడిరి. మఱునాడు కృష్ణదేవిపేట, ఆ మఱునాడు రాజవొమ్మంగి. మూడు ఠాణాలలో 26 తుపాకులు దొరకినవి. తీసికొన్న ఆయుధముల లెక్కను ఠాణా పుస్తకములో వ్రాసి సంతకము చేసి పోయిరి. దోపిడిగాడు లెక్క వ్రాయడు. అనుచరులకు తాము దోపిడిగాండ్రము కామని తెలియుట కంతకంటె స్పష్టమైన పాఠ ముండదు. తరువాతి దాడులకు ముందే కబురు పంపుటయు నిట్టిదే. మిరపకాయ టపా యని ప్రజలు నేటికిని చెప్పుకొందురు.

ఆ సంవత్సరము సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో జరిగినది వారి కట్టుబాటునకు పరీక్ష. పొదల మాటున పొంచియున్నవారు, ముందు నడచిన భారతీయ సిపాయీలను పోనిచ్చి, వెనుక వచ్చిన స్కాట్ కవర్డు, హైటరు అను ఇరువురు ఆంగ్లాధికారులనే కాల్చిరి. చేత తుపాకి గలిగియు, శత్రువు ఎదుట నుండగా, కాల్చరాదనిన వానిని కాల్చకుండుట సామాన్యము కాదు. జీతము పొందని గిరిజనుడు దానిని పాటించెననగా, ఆ నియమమును వాడు తనదిగా నెంచుకొనినట్లే.

సత్యము చెప్పవలెనన్న, దుర్దినములును గలవు. 1922 డిసెంబరు 6న పెదగడ్డపాలెమువద్ద మలబారు పోలీసుల చేతిలో దెబ్బ తగిలినది. 1923 సెప్టెంబరులో మల్లుదొర చిక్కెను. 1924 ఆరంభమున అస్సాము రైఫిల్సు దళము దిగెను. ఏప్రిలునుండి ప్రత్యేక కమీషనరుగా వచ్చిన రూథర్‌ఫర్డు గ్రామములపై ఒత్తిడి హెచ్చించెను. ఆశ్రయ మిచ్చినవారి యిండ్లును, తిండిగింజలును ఆపదలో పడుచుండుట రాజుగారి కెక్కువ బాధ కలిగించెను. 1924 మే 7న మంపయొద్ద పట్టుబడి, కొయ్యూరునకు తేబడి, విచారణ లేకయే గుడాలు అను సైనికాధికారి యాజ్ఞచే కాల్చబడిరి. అప్పటికి వారికి ఇరువదియేడవ యేడు నడచుచున్నది. శరీరము కృష్ణదేవిపేటలో దహింపబడినది. జూన్ మాసమున గంటందొరయు హతుడయ్యెను, ఉద్యమము ముగిసెను. మల్లుదొర శిక్ష ననుభవించి వచ్చి, 1952లో లోకసభకు సభ్యుడుగా నెన్నికయ్యెను.

ఇందు మనము గ్రహింపవలసినవి రెండు. నాయకుని మాటకంటె నడవడి ముందు వెళ్లును. కష్టములో పాలుపంచుకొననివాని యాజ్ఞను సభ్యులు చెవితో విందురు గాని మనస్సుతో వినరు. ఇది మొదటిది. ఒక్కని తేజముపై నిలిచిన సమూహము ఆ తేజము చల్లారినంతనే చెదరును గనుక, తన వెనుక పనిచేయగలవారిని తయారుచేయుటయు నాయకత్వములో భాగమే. ఇది రెండవది. రాజుగారికి దాని కవకాశము రెండేండ్లైనను లేకపోయెను. మన కార్యదర్శులకు, పోషకులకు సంవత్సరములు గలవు. విద్యార్థి వసతిగృహమైనను, సహాయనిధియైనను, ఒక్కరి పేరుతో ప్రారంభమై ఒక్కరితో ముగియరాదు.

2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశమున క్రొత్త జిల్లా లేర్పడినపుడు, పాడేరు కేంద్రముగా మన్యపు జిల్లాకు రాజుగారి పేరు పెట్టబడినది. వారి సమాధియున్న కృష్ణదేవిపేటయు, మన చీడికాడయు అనకాపల్లి జిల్లాలోనివే. యువకు లొకసారియైన నచటికి పోయి నిలిచి రావలెనని పెద్దలకు మనవి. ఆయన ఒక కులమునకో, ఒక ఊరికో చెందినవారు కారు. కొండవారును, పల్లపువారును సమానముగా తమవారని చెప్పుకొనదగినవారు. అట్టివారి జ్ఞాపకము మన సభా కార్యములకు దారి చూపుగాక!