ధీరేంద్రనాథ్ గంగూలీ: మన నగరము మరచిన చలనచిత్రకారుడు

హైదరాబాదు నగర చరిత్రను ముచ్చటించుకొనునపుడు మనము చార్మినారును, గోలకొండను, 1908 నాటి మూసీ వరదను, ఉస్మానియా విశ్వవిద్యాలయమును తప్పక తలచుకొందుము. ఇదే నగరములో 1922 నుండి 1924 వరకు ఒక చలనచిత్ర నిర్మాణ సంస్థ పనిచేసినదనియు, దానిని నడపినవారు బెంగాలు దేశమునుండి వచ్చిన ఒక చిత్రకారులనియు, ఒకే ఒక చిత్రమును ప్రదర్శించిన కారణముగా ఆయన రాజ్యము విడిచి పోవలసి వచ్చినదనియు తలచుకొనువారు అరుదు. ఆయన పేరు ధీరేంద్రనాథ్ గంగూలీ. చిత్రరంగమువారు ఆయనను డి.జి. అని పిలిచెడివారు. 1975వ సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారమును అందుకొన్న ఈ ప్రముఖుని జీవితములో మన నగరమునకు చెందిన భాగమును కొంత విపులముగా చెప్పవలెనని మా సంకల్పము.

గంగూలీ 1893 మార్చి 26న జన్మించినారు. రవీంద్రనాథ ఠాగూరు శాంతినికేతనములో నెలకొల్పిన విద్యాలయములో చదివినారు. అచటి విద్యార్థులకు నాటకము, సంగీతము, చిత్రలేఖనము పాఠ్యాంశములతో సమానమైనవి. ఆ శిక్షణతో ఆయన చిత్రకళను వృత్తిగా స్వీకరించి, నిజాము రాజ్యములో చిత్రకళా పాఠశాలకు అధిపతిగా హైదరాబాదునకు వచ్చినారు. అప్పటికి ఆయనకు చలనచిత్రములతో సంబంధము లేదు. ఆయనకున్న వ్యసనము వేరు. రంగులు, గడ్డములు, తలపాగాలు, చీరలు సమకూర్చుకొని తానే రకరకముల మనుష్యులుగా వేషము ధరించి ఛాయాచిత్రములు తీయించుకొనెడివారు. ముసలివాడు, యువకుడు, కోపిష్ఠి, అమాయకుడు, చివరకు ఇల్లాలు కూడ ఆయనే. ఆ ఛాయాచిత్రములను 1915 ప్రాంతమున భావేర్ అభివ్యక్తి అను పుస్తకముగా ప్రకటించినారు. ఈ పుస్తకమును చూచి పోలీసు శాఖవారు తమ గూఢచారులకు మారువేషములు వేయుట నేర్పవలసినదిగా ఆయనను కోరినారని ఆయన జీవితమును వ్రాసినవారు చెప్పుదురు. ఈ ముచ్చట ఇచట చెప్పుటకు కారణమున్నది. 1920లో కలకత్తాలో చలనచిత్రములను పరిశీలించుటకు ఏర్పడిన సంఘమునకు అధ్యక్షులు పోలీసు కమిషనరుగారే. నటునికి వేషము వేయుట తెలియును, పోలీసులకు వేషమును పసిగట్టుట తెలియవలెను. సెన్సారు కథ అంతయు ఈ రెండింటి నడుమనే నడచినదని మాకు అనిపించును.

ఆ పుస్తకము ప్రతి ఒకటి జె.ఎఫ్. మదన్‌గారికి చేరినది. మదన్ అనగా ఆ దినములలో భారతదేశములోను, బర్మా, సింహళములలోను వరుసగా సినిమా హాళ్ళు కలిగిన పార్సీ వ్యాపారవేత్త. ఆ పరిచయము గంగూలీని తెరవైపు నడిపించినది. 1918లో ఆయన మదన్ సంస్థలో పనిచేయుచుండిన నితీశ్ లాహిరితో కలసి ఇండో బ్రిటిష్ ఫిల్మ్ కంపెనీని స్థాపించినారు. వారి బిలాత్ ఫేరత్ 1921లో విడుదలయినది. సీమ చదువు చదివి తిరిగివచ్చిన ఒక యువకుడు దొర వేషమునకును, స్వదేశపు ఆచారమునకును నడుమ నలిగిపోవుట అందలి ఇతివృత్తము. గంగూలీయే నాయకుడు. దొరలను అనుకరించువారిని, ఆచారమును పట్టుకొని వ్రేలాడువారిని ఒకే చూపుతో పరిహసించినందువలన ఇరుపక్షములవారును నవ్వినారు. పరిహాసమునకు ఇట్టి సమదృష్టి ఉన్నంతకాలము పరిహసింపబడినవారు కూడ సహింతురు. ఈ రహస్యము ఆయనకు బాగుగా తెలియును.

ఆ కంపెనీ ఎక్కువకాలము నిలువలేదు. 1922లో గంగూలీ తాను ఎరిగిన ఊరు హైదరాబాదునకే మరలివచ్చి లోటస్ ఫిల్మ్ కంపెనీని ప్రారంభించినారు. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ ప్రభుత్వపు ఆదరణ ఆయనకు లభించినది. ఆ ఆదరణతో ఒక స్టూడియో, చిత్రములు ప్రదర్శించుటకు రెండు హాళ్ళు ఏర్పడినవి. ఇది ఎంత ముందుమాటయో గ్రహించుటకు ఒక పోలిక చాలును. మద్రాసులో రఘుపతి వెంకయ్యగారును, వారి కుమారులు ప్రకాష్‌గారును భీష్మప్రతిజ్ఞను తీసినది 1921లో. మరుసటి సంవత్సరమే మన నగరములో కెమెరా తిరుగుచుండెను. హరగౌరి, ఇంద్రజిత్, చింతామణి వంటి పురాణ, పౌరాణికేతర గాథలతోపాటు లేడీ టీచర్, మ్యారేజ్ టానిక్ వంటి హాస్యచిత్రములు కూడ లోటస్ పేరున వెలువడినవి. చింతామణి అనగానే తెలుగువారికి కాళ్ళకూరి నారాయణరావుగారి నాటకము స్ఫురించును గాని అది వేరు, ఇది వేరు.

మూకీ చిత్రమున మాట లేదు. దృశ్యమునకు దృశ్యమునకు నడుమ అక్షరములతో కూడిన అట్టలు తెరపై కనిపించును. చదువురాని ప్రేక్షకులకై హాలులో ఒకడు నిలబడి ఆ అక్షరములను బిగ్గరగా చదివి, తనకు తోచిన వ్యాఖ్యానమును చేర్చెడివాడు. ఉర్దూ, తెలుగు, మరాఠీ, కన్నడము మాటాడు జనులు ఒకే పైకప్పు క్రింద కూర్చుండు హైదరాబాదు వంటి చోట ఈ చదువరి పని ఎంత సున్నితమైనదో పాఠకులే ఊహింపగలరు. బొమ్మ ఒకటే అయినను అర్థము కూర్చున్నవానిని బట్టి మారును. కావుననే ఆ కాలపు అధికారులు పుస్తకమునకంటె, పత్రికకంటె సినిమాకే ఎక్కువ భయపడినారు. పుస్తకము చదువుకొన్నవారికే చేరును. బొమ్మ అందరికిని చేరును.

ఆ భయమునుండి పుట్టినదే 1918 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టము. దాని క్రింద 1920లో బొంబాయి, కలకత్తా, మద్రాసు, రంగూనులలో పరిశీలక సంఘములు ఏర్పడినవి. 1921లో బొంబాయిలో కోహినూరు సంస్థ తీసిన భక్త విదుర ఆ చట్టపు వాడిని మొదట చవిచూచినది. భారతములోని విదురునికి గాంధీటోపీ, ఖద్దరు తొడిగించినందున ఆ చిత్రమును మద్రాసులోను, కరాచీలోను నిషేధించినారు. అయితే ఈ చట్టము బ్రిటిషు ఇండియాకు మాత్రమే చెల్లును. సంస్థానములలో ప్రభువు మాటయే శాసనము. అచట దరఖాస్తు లేదు, పరిశీలన లేదు, నిరాకరణకు కారణము వ్రాయవలెనను నియమము లేదు. గంగూలీకి ప్రభువు ఆదరణ ఉన్నది, కావున రక్షణ కూడ ఉన్నదని అనుకొన్నారు కాబోలు. ఆదరణ వేరు, రక్షణ వేరు అని 1924లో తేలినది.

ఆ సంవత్సరము ఆయన తన హాలులో రజియా బేగం అను చిత్రమును ప్రదర్శించినారు. అది ఆయన తీసినది కాదు. బొంబాయిలో తయారై వచ్చినది. ఢిల్లీ సింహాసనమును 1236 నుండి 1240 వరకు ఏలిన రజియా సుల్తానా కథ దానికి ఆధారము. చరిత్రలో రజియాపై అమీరులు తిరుగబడుటకు గల కారణములలో ఒకటి ఆమె జమాలుద్దీన్ యాఖూత్ అను హబ్షీని అశ్వశాలాధిపతిగా నియమించి ఆదరించుట. సమకాలికుడైన మిన్హాజ్ ఆ ఆదరణను మాత్రమే పేర్కొన్నాడు. నూరేండ్ల తరువాత, 1350లో, మన దక్కనులోనే బహమనీ సుల్తాను కొలువున కావ్యము వ్రాసిన ఇసామీ దానిని అపవాదుగా పెంచినాడు. బొంబాయి చిత్రము మరియొక అడుగు ముందుకు వేసి ముస్లిం రాణి ఒక హిందువును ప్రేమించినట్లు చూపినది. చరిత్ర చెప్పని సంగతి అది. అప్పటికి దాదాపు ఏడు వందల సంవత్సరముల క్రిందట మరణించి, తన పక్షమున మాటాడుకొనుటకు వీలులేని ఒక స్త్రీ పేరు మీద కల్పించిన సంగతి కూడ.

నిజాముగారు ఆగ్రహించినారు. గంగూలీ ఇరువది నాలుగు గంటలలో రాజ్యము విడిచి వెళ్ళవలెనని ఆజ్ఞ వెలువడినది. స్టూడియో, రెండు హాళ్ళు, రెండేండ్ల శ్రమ ఇచటనే నిలిచిపోయినవి. ఆయన కలకత్తా చేరినారు. హైదరాబాదులో చిత్రనిర్మాణము ఆ దెబ్బతో మొదలంట ఆగిపోయినది. మరల మన నగరము చిత్రనిర్మాణ కేంద్రముగా పేరొందుటకు దశాబ్దములు పట్టినవి.

ఈ ఉదంతమును తలచినప్పుడు తొందరపడి ఒక పక్షము వహించుట సులభము. మేము అట్లు చేయదలచలేదు. 1924వ సంవత్సరము సామాన్యమైనది కాదు. ఆ ఏటనే గుల్బర్గాలోను, వాయవ్య సరిహద్దున కోహాటులోను మతకలహములు చెలరేగి ప్రాణములు పోయినవి. గుల్బర్గా నిజాము రాజ్యములోనిదే. భిన్నమతముల ప్రజలను ఏలు ప్రభువునకు తెరమీది ఒక బొమ్మ నిప్పురవ్వ వలె తోచినచో దానిని కేవలము మూర్ఖత్వమనలేము. ఆ ప్రభువే 1927లో ఠాగూరుగారి విశ్వభారతికి, ఇస్లాం సంస్కృతి అధ్యయనమునకై, లక్ష రూపాయలు దానమిచ్చినాడు. శాంతినికేతనపు విద్యార్థిని వెడలగొట్టిన చేయియే శాంతినికేతనమునకు విరాళమిచ్చుట విచిత్రముగా కనిపించును గాని, మనుష్యులు ఒకే ముక్కతో చేసినవారు కారు.

అయినను రెండు ప్రశ్నలు మిగులును. మొదటిది గంగూలీకి సంబంధించినది. తాను తీయని చిత్రమునకు ప్రదర్శకుడు బాధ్యుడా? మా దృష్టిలో కొంతవరకు బాధ్యుడే. టిక్కెట్టు అమ్మి, దీపములార్పి, పది జాతుల జనులను చీకటిలో కూర్చుండబెట్టినవాడు తాను చూపునది ఏమిటో ముందుగా చూచుకొనవలెను. బిలాత్ ఫేరత్‌లో ఇరుపక్షములను సమముగా నవ్వించిన కళాకారుడు, ఒక మతమువారి రాణిని గూర్చిన కల్పితగాథ ఆ మతమునకే చెందిన ప్రభువు రాజధానిలో ఎట్లు వినబడునో తలచియుండవలసినది. రెండవ ప్రశ్న ప్రభువునకు సంబంధించినది. చిత్రమును ఆపుట ఒకటి, మనిషిని వెడలగొట్టుట మరియొకటి. చిత్రమును ఆపివేసి, ఇక ముందు ప్రతి చిత్రమును ముందుగా చూపింపుమని శాసించి ఉండిన, రాజ్యపు శాంతియు నిలిచెడిది, నగరమున చిత్రకళయు నిలిచెడిది. విచారణ లేని శిక్ష, న్యాయమైన కోపమును కూడ అన్యాయముగా మార్చును. ఈ రెండు తప్పులలో రెండవదే పెద్దదని మా నిశ్చితాభిప్రాయము. ఏలనన, ప్రదర్శకుని పొరపాటు ఒక వారపు ఆటతో తీరునది. ప్రభువు ఆజ్ఞ ఒక నగరపు కళను ఒక తరము వెనుకకు నెట్టినది.

ఈ సమస్య సంస్థానములకే పరిమితము కాదని ప్రభుత్వము కూడ గ్రహించినది. 1927లో మద్రాసుకు చెందిన దివాన్ బహదూర్ టి. రంగాచారిగారి అధ్యక్షతన ఒక సినిమాటోగ్రాఫ్ విచారణ సంఘము నియమింపబడినది. ఆ సంఘము దేశమంతట తిరిగి 353 మంది సాక్షులను విచారించి 1928లో నివేదిక సమర్పించినది. పరిశీలన అవసరమే గాని రాష్ట్రమునకొక తీర్పు ఉండరాదనియు, కేంద్రమున ఒకే సంఘము ఉండవలెననియు సూచించినది. ఆ సూచన అప్పట్లో అటకెక్కినది. కేంద్ర సంఘము ఏర్పడునప్పటికి 1951 వచ్చినది. చిత్రమును నిరాకరించునప్పుడు నిర్మాతకు చెప్పుకొనుటకు అవకాశము ఉండవలెనను వాదమును ఖ్వాజా అహ్మద్ అబ్బాస్ సుప్రీంకోర్టు వరకు తీసికొనిపోయినారు. 1970లో ప్రధాన న్యాయమూర్తి హిదయతుల్లాగారు వెలువరించిన తీర్పు పరిశీలనను సమర్థించుచునే, అది నియమబద్ధముగా ఉండవలెనని నొక్కి చెప్పినది. గంగూలీకి ఆ 1924లో లభింపనిది సరిగా అదే.

కలకత్తా చేరిన గంగూలీ చతికిలబడలేదు. బర్ద్వానులో పత్రిక నడుపుచుండిన దేవకీ బోసును చిత్రరంగమునకు రప్పించినది ఆయనయే. 1929లో బ్రిటిష్ డొమినియన్ ఫిల్మ్స్ స్థాపించినారు. ఫ్లేమ్స్ ఆఫ్ ఫ్లెష్ అను చిత్రమున చిత్తూరు పద్మిని కథను ఎత్తుకొన్నారు. చారిత్రక రాణి కథ మరల ఆయన చేతికి వచ్చుట గమనింపదగినది. అస్సాము గౌరీపూరు రాజకుమారుడు ప్రమథేశ్ బారువా కూడ తెరకు పరిచయమైనది ఆ సంస్థలోనే. తరువాతి కాలమున దేవకీ బోసు చండీదాసుతోను, బారువా దేవదాసుతోను దేశమంతట పేరు గడించినారు. టాకీలు వచ్చి గంగూలీ సంస్థ మూతపడినది. ఆయన న్యూ థియేటర్సులో చేరి ఎక్స్‌క్యూజ్ మీ సర్ వంటి హాస్యచిత్రములు తీసినారు. కొత్తవారికి దారిచూపి తాము వెనుకబడిపోవువారిలో ఆయన ఒకరు.

1974లో ప్రభుత్వము ఆయనకు పద్మభూషణ్ బిరుదము నిచ్చినది. 1978 నవంబరు 18న ఆయన మరణించినారు. భారతదేశపు మూకీ చిత్రములలో నూటికి తొంబదికి పైగా నశించినవి. ఐదేండ్ల తరువాత, 1983లో, కమాల్ అమ్రోహీ రజియా సుల్తాన్ విడుదలయినది. హేమమాలిని రజియాగను, ధర్మేంద్ర యాఖూత్‌గను నటించిన ఆ ఉర్దూ చిత్రము ప్రేక్షకాదరణకు నోచుకొనలేదు గాని, దానిని చూపించినందుకు ఏ హాలు యజమానియు ఊరు విడిచి పోవలసి రాలేదు.