సంచుల్లో పట్టే పడవ: ఆస్కార్ స్పెక్ జీవితం



ఏటా పరీక్షలు అయిపోగానే మన క్వార్టర్స్‌లో కొన్ని ఇళ్ల ముందు ఒకే దృశ్యం కనిపిస్తుంది. మంచాలు ఊడదీసి కోళ్లు ఒకపక్క, పట్టెలు ఒకపక్క పెడతారు. నట్లూ బోల్టులూ పాత గుడ్డలో మూట కడతారు. పెట్టెల మీద పెయింటుతో అంకెలు వేస్తారు. ఉద్యోగంలో చేరాక ఆ మూట నేనూ చాలాసార్లు కట్టాను. ప్రతి ఊళ్లోనూ ఒక బోల్టు తగ్గుతుంది. కొత్త ఊళ్లో ఇనుప సామాన్ల కొట్టు వెతుక్కుని అలాంటిదే ఇంకోటి తెచ్చి బిగిస్తాం. మంచం కాస్త కిర్రుమంటుంది కానీ నిద్ర పడుతుంది.

కిందటిసారి ఆ మూట విప్పుతున్నప్పుడు నాకు ఆస్కార్ స్పెక్ గుర్తుకొచ్చాడు. ఆయన ఊడదీసి మూటకట్టింది మంచాన్ని కాదు, పడవని. ఆ పడవలో జర్మనీ నుంచి ఆస్ట్రేలియా దాకా వెళ్లాడు. దారిలో మన తీరాన్నీ దాటాడు. ఆయన కథ మీకు చెప్పాలనిపించింది.

పని పోయిన యువకుడు

ఆస్కార్ స్పెక్ 1907లో జర్మనీలో పుట్టాడు. హాంబర్గ్ నగరంలో విద్యుత్ పనుల కాంట్రాక్టరుగా స్థిరపడ్డాడు. చిన్న వయసులోనే కొంతమందికి పని ఇవ్వగలిగే స్థితికి వచ్చాడు. ఇంతలో ప్రపంచమంతటా ఆర్థిక మాంద్యం వచ్చింది. కర్మాగారాలు మూతపడ్డాయి. 1932 నాటికి జర్మనీలో సుమారు 60 లక్షల మందికి పని లేదు. స్పెక్ వ్యాపారమూ మూతపడింది.

మధ్యధరా సముద్రంలో ఉన్న సైప్రస్ దీవిలో రాగి గనులున్నాయని, అక్కడ పని దొరకవచ్చని ఆయన విన్నాడు. ఓడ టిక్కెట్టుకు డబ్బు లేదు. ఉన్నదల్లా ఒక కయాక్. మంచు దేశాల్లో ఇన్యూట్ ప్రజలు సీలు జంతువుల వేటకు వాడుతూ వచ్చిన సన్నటి పడవే కయాక్. దాంట్లో కాళ్లు చాపుకుని కూర్చుని, రెండు చివరలా రెక్కలున్న తెడ్డును ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు వేస్తూ నడపాలి. స్పెక్ కయాక్‌కు ఇంకో ప్రత్యేకత కూడా ఉంది. దాన్ని విడదీసి సంచుల్లో సర్దుకోవచ్చు.

దర్జీ చేసిన పడవ

ఇన్యూట్ ప్రజలు కర్రతోనో ఎముకలతోనో చట్రం కట్టి, దాని మీద సీలు చర్మం బిగించి కుట్టేవారు. 1905లో మ్యూనిక్ నగరంలో ఆల్ఫ్రెడ్ హాయిరిష్ అనే వాస్తుశిల్ప విద్యార్థి ఈ ఉపాయాన్నే ఇంకో మెట్టు పైకి తీసుకెళ్లాడు. వెదురు చట్రాన్ని ముక్కలుగా విడదీసేలా చేసి, దాని మీద గుడ్డ తొడిగాడు. ఆ పడవను తయారుచేసి అమ్మే హక్కును 1907లో రోజెన్‌హైమ్ ఊరి దర్జీ యోహాన్ క్లెప్పర్ కొనుక్కున్నాడు. దర్జీకి పడవలతో ఏం పని అని మీరు అడగవచ్చు. గుడ్డను కొలతకు కత్తిరించి, వదులు లేకుండా బిగువుగా తొడగడం దర్జీకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? త్వరలోనే జర్మనీలో కుర్రకారు సెలవు రోజుల్లో పడవ సంచిని భుజాన వేసుకుని, రైలెక్కి నదుల దగ్గరికి వెళ్లడం మొదలైంది.

పడవను బిగించే పద్ధతి చెబుతాను, వినండి. సంచుల్లోంచి సన్నటి పొడుగు కర్రలు, అడ్డ చట్రాలు బయటికి తీస్తారు. ముందు సగం విడిగా, వెనక సగం విడిగా బిగిస్తారు. ఒక్కో సగాన్నీ రబ్బరు పూసిన గుడ్డ తొడుగులోకి ఒక్కో వైపు నుంచి దూరుస్తారు. నడిమధ్య రెండు సగాలూ కలిసేచోట పైకి లేచి ఉన్న కర్రలను కిందికి అదిమితే చట్రం చాచుకుంటుంది, తొడుగు డప్పులా బిగుస్తుంది. అప్పటిదాకా కర్రల మోపులా ఉన్నది పడవ అవుతుంది. అడుగు చిరిగితే సైకిల్ ట్యూబుకు పంక్చర్ వేసినట్టే రబ్బరు ముక్క అతికిస్తారు. మళ్లీ మడిచే ముందు మాత్రం బాగా ఆరబెట్టాలి. తడి మీద మడిస్తే గుడ్డ బూజు పట్టి పాడవుతుంది.

స్పెక్ పడవ పొడవు సుమారు 18 అడుగులు. ఇద్దరు కూర్చునే పడవను ఒకరికి సరిపడేలా మార్చి, మిగిలిన చోట సామాను పెట్టుకున్నాడు. కాళ్లతో తిప్పే చుక్కాని, ఒక చిన్న తెరచాప ఉండేవి. దానికి తన ప్రాంతపు యాసలో సున్‌షీన్ అని పేరు పెట్టాడు. ఎండ అని దాని అర్థం. ఇంకో సంగతి చెబితే ఆశ్చర్యపోతారు. ఆయనకు ఈత రాదు.

నీళ్లు అయిపోయిన చోట

ఇప్పుడు అట్లాసు తెరిచి వేలితో ఈ దారి పట్టుకోండి.

1932 మే నెలలో జర్మనీలోని ఉల్మ్ ఊరి దగ్గర డాన్యూబ్ నదిలో స్పెక్ పడవ దింపాడు. డాన్యూబ్ తూర్పుగా పోయి నల్లసముద్రంలో కలుస్తుంది. ఆయనకు కావలసింది దక్షిణాన ఉన్న మధ్యధరా. అందుకని మధ్యలో నదిని వదిలేసి, పడవను నేల మీదుగా చేర్చి, గ్రీసు వైపు పారే వర్దార్ నదిలో దింపాడు. మామూలు పడవతో ఇది అయ్యే పని కాదు. వర్దార్ కొండల మధ్య రాళ్ల మీద దూకే నది. పడవ దెబ్బతింది. బాగుచేయించడానికి జర్మనీ పంపాల్సి వచ్చింది. తిరిగొచ్చేసరికి నది గడ్డకట్టింది. వసంతం దాకా ఒడ్డున కూర్చున్నాడు.

తర్వాత గ్రీకు దీవులు, టర్కీ తీరం, చివరికి సైప్రస్. గని పని కోసం బయలుదేరినవాడు సైప్రస్ చేరాక మనసు మార్చుకున్నాడు. ఇంకా ముందుకే వెళ్లాలనుకున్నాడు. సిరియా తీరం చేరి, పడవను బస్సెక్కించి యూఫ్రటీస్ నది దాకా తీసుకెళ్లాడు. ఆ నది వెంట పర్షియన్ సింధుశాఖలోకి దిగాడు. అక్కడ మలేరియా పట్టుకుంది. ఒకసారి పడవే దొంగల పాలై మళ్లీ దొరికింది. ఉప్పు నీళ్లు, ఇసుక, ఎండ కలిసి పడవ గుడ్డను తినేశాయి. కొత్త పడవ జర్మనీ నుంచి వచ్చేదాకా మళ్లీ ఎదురుచూపులు.

మన తీరం వెంట

కరాచీ మీదుగా పశ్చిమ తీరం వెంట బొంబాయి, గోవా దాటి 1935 మే నెలలో స్పెక్ కొలంబో చేరాడు. మన పత్రికలు ఆయన గురించి రాశాయి. ఊళ్లలో ప్రసంగాలు ఇచ్చి దారి ఖర్చులు సంపాదించుకున్నాడు. తర్వాత మద్రాసు, అక్కడి నుంచి తూర్పు తీరం వెంట ఉత్తరంగా సాగి 1936 మొదట్లో కలకత్తా చేరాడు. మద్రాసుకూ కలకత్తాకూ మధ్య ఏముందో అట్లాసులో చూడండి. పులికాట్ సరస్సు, కృష్ణా గోదావరుల ముఖద్వారాలు, కాకినాడ, విశాఖపట్నం. అంటే మన తెలుగు తీరమంతా ఆయన దారే.

ఈ తీరంలో పడవ నడపడం ఎంత కష్టమో మన మత్స్యకారులకు తెలుసు. ఒడ్డుకు దగ్గరలోనే పెద్ద కెరటాలు విరిగి పడతాయి. గట్టిగా మేకులు కొట్టిన పడవ ఆ దెబ్బకు పగులుతుంది. అందుకే మనవాళ్లు పలకలను కొబ్బరి తాళ్లతో కుట్టి మసూలా పడవలు చేసేవారు. కెరట కొడితే ఆ పడవ వంగుతుంది కానీ విరగదు. ఇక తెప్ప సంగతి చూడండి. నాలుగైదు దుంగలను తాళ్లతో కలిపి కట్టి సముద్రంలోకి వెళ్తారు. వేట అయ్యాక కట్లు విప్పి దుంగలను ఇసుకలో ఆరబెడతారు. మర్నాడు మళ్లీ కడతారు. విడదీసి బిగించే పడవ జర్మనీ దర్జీ కొట్టులో పుట్టకముందే మన తీరంలో తాతల నాటి నుంచీ ఉంది! విశాఖలో తెప్పలు చూసిన పిల్లలెవరైనా ఉంటే ఈ సంగతి మీ స్నేహితులకు చెప్పండి.

దెబ్బలు, దూరాలు

కలకత్తా తర్వాత బర్మా, మలయా, సింగపూర్, జావా. ఇప్పటి ఇండొనేషియా అప్పుడు డచ్చివారి పాలనలో ఉండేది. అక్కడ లాకోర్ అనే చిన్న దీవిలో ఒక రాత్రి కొందరు స్పెక్ మీద పడి కట్టేసి కొట్టారు. చెవిలో కర్ణభేరి పగిలింది. ఎలాగో కట్లు తెంచుకుని చీకట్లో పడవ చేరి తప్పించుకున్నాడు. వైద్యానికి చాలా కాలం పట్టింది. కోలుకున్నాక న్యూగినీ దక్షిణ తీరం వెంట దగ్గర దారిలో వెళ్లడానికి డచ్చి అధికారులు ఒప్పుకోలేదు. అంత పెద్ద దీవిని ఉత్తరం వైపు నుంచి చుట్టి రావలసి వచ్చింది.

1939 సెప్టెంబరులో ఆస్ట్రేలియాకు చెందిన సైబాయి దీవి ఒడ్డుకు చేరాడు. బయలుదేరి ఏడేళ్లు దాటింది. సుమారు 50,000 కిలోమీటర్లు. భూమి చుట్టుకొలత కంటే ఎక్కువ! ఒడ్డున ముగ్గురు పోలీసులు ఎదురొచ్చారు. ముందు అభినందించారు, తర్వాత అరెస్టు చేశారు.

ఎందుకని? ఆయన ఇల్లు విడిచినప్పుడు హిట్లర్ ఇంకా అధికారంలోకి రాలేదు. 1933 జనవరిలో వచ్చాడు. జర్మనీ జెండా మారింది. ఆ నాజీ గుర్తున్న చిన్న జెండా స్పెక్ పడవ మీద కూడా ఉంది. 1939 సెప్టెంబరు 3న బ్రిటన్, ఆస్ట్రేలియా జర్మనీ మీద యుద్ధం ప్రకటించాయి. ఆ తర్వాత కొద్ది రోజులకే స్పెక్ గట్టెక్కాడు. కాబట్టి శత్రుదేశపు మనిషి అయ్యాడు. తన పడవను ఎన్నిసార్లు విడదీసి బిగించినా, తన దేశం పేరును మాత్రం ఆయన సంచిలో దాచుకోలేకపోయాడు. ఆ దేశం తరఫున జరుగుతున్న ఘోరాల బరువు ఆ జెండాతోపాటే వచ్చింది. ఎక్కడెక్కడికి వెళ్లినా, మన మీద ఉన్న గుర్తు ఏమిటో, దాని వెనక ఏం జరుగుతోందో తెలుసుకోవలసిన బాధ్యత మనదే.

యుద్ధకాలమంతా ఆయన ఆస్ట్రేలియాలోని నిర్బంధ శిబిరాల్లో గడిపాడు. 1946లో విడుదలయ్యాడు. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. లైట్నింగ్ రిడ్జ్ అనే చోట ఓపల్ రాళ్ల గనుల్లో పనికి వెళ్లాడు. రాళ్లు కోసి సానపట్టడం నేర్చుకుని, ఆ వ్యాపారంలో స్థిరపడ్డాడు. సిడ్నీకి ఉత్తరాన సముద్రం కనిపించే చోట ఇల్లు కట్టుకున్నాడు. రాగి గని కోసం బయలుదేరినవాడికి చివరికి రత్నాల గని అన్నం పెట్టింది. 80 ఏళ్లు దాటాక ఆస్ట్రేలియాలోనే కన్నుమూశాడు. ఆయన ఫోటోలు, ఫిల్ములు, కాగితాలు సిడ్నీలోని ఆస్ట్రేలియా జాతీయ నౌకా మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి.

మనకు ఏమిటి?

ఈ కథ చదివిన పిల్లలు సాధారణంగా ధైర్యం గురించి మాట్లాడతారు. నిజమే. కానీ నేను మీకు చూపించాలనుకున్నది ఇంకో సంగతి. ఆ ఏడేళ్లలో ఆయన తెడ్డు వేయని రోజులు ఎన్నో. మంచు కరగాలి, రుతుపవనాలు తగ్గాలి, జ్వరం దిగాలి, పార్సెల్ రావాలి, అనుమతి దొరకాలి. ఒడ్డున గడిచిన ఆ నెలలన్నీ కలిపితేనే ఆ ప్రయాణం. ఇంకోటి కూడా ఉంది. ఆయన మొదలుపెట్టిన పడవతో చివరికి చేరలేదు. దారిలో నాలుగైదు పడవలు అరిగిపోయాయి. అయినా అది ఒకే ప్రయాణం. ఏ కర్ర ఎక్కడ బిగించాలో తెలిసిన మనిషి ఒక్కడే కాబట్టి.

కొత్త బడిలో మొదటి నెల మీరు ఎలా ఉంటారో నాకు తెలుసు. ఆఖరి బెంచీలో కూర్చుంటారు. ఇంటర్వెల్‌లో నోటీసు బోర్డు చదువుతున్నట్టు నిలబడతారు. పాత ఊరి స్నేహితుల పేర్లు నోట్‌బుక్ వెనక పేజీలో రాసుకుంటారు. నేనూ స్టాఫ్ రూములో అలాగే కూర్చుంటాను. అప్పుడు మన పడవ ఇంకా ముక్కలుగానే ఉంది. అంతే. ముక్కలు ఎక్కడికీ పోలేదు, సంచిలోనే ఉన్నాయి. వచ్చిన భాషలు, పాడిన పాటలు, అమ్మ చేతి పులిహోర, ఎవరో నేర్పిన క్యారమ్ ఆట. ఒక్కొక్కటీ బయటికి తీసి బిగించుకోవడానికి కాస్త సమయం పడుతుంది.

ఇక ఒక్క పని అడుగుతాను. ఈసారి మీ ఇంట్లో మూట కట్టేటప్పుడు నట్లూ బోల్టులూ లెక్కపెట్టే పని మీరు తీసుకోండి. ఎన్ని ఉన్నాయో కాగితం మీద రాసి ఆ గుడ్డలోనే పెట్టండి. కొత్త ఊళ్లో మంచం బిగించేటప్పుడు కూడా మీరే దగ్గరుండండి.